గుడిసెను కాదు, గురువును చూపించండి

సంపాదకులకు నమస్కారం.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా మనకు అంత పరాయి దేశం కాదు. హైవే పక్కన కొరియా లిపిలో హోటల్ బోర్డులు కనిపిస్తున్నాయి. అనంతపురంలో డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లో కొరియా పాటల పోటీలు పెట్టుకుని, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ చూస్తున్నారు. ఆ పోటీల్లో పేదింటి పిల్లలను చూపించే పద్ధతి, మన చానెళ్ళ పోటీల్లో చూపించే పద్ధతి ఒక అచ్చులో పోసినట్టే ఉంటాయి. పాట నేర్పే వృత్తిలో ఉన్నవాళ్ళుగా ఆ పద్ధతి గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాం.

కలిగినింటి పిల్ల బాగా పాడితే ‘ఎంత సాధన చేసిందో’ అంటారు. లేనింటి పిల్ల అంతే బాగా పాడితే ‘మట్టిలో మాణిక్యం’ అంటారు. మొదటి పిల్లకు పాట కష్టపడి సంపాదించుకున్న విద్య. రెండో పిల్లకు అది దారిలో దొరికిన వస్తువు. సరళీ వరుసలు, జంట వరుసలు, ఏడు తాళాల అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో) పలికితే తప్ప గొంతు శ్రుతిలో నిలవదు. రేకుల ఇంట్లో ఉన్నా మేడలో ఉన్నా దానికి పట్టే కాలం ఒకటే. ఆ కాలమంతా, ఓపికగా నేర్పిన మనిషితో సహా, ఆ ఒక్క పొగడ్తలో కొట్టుకుపోతుంది. ఏకలవ్యుడంటూ ఇంకో పొగడ్త ఉంది. ఆ ఏకలవ్యుడు కూడా మట్టిబొమ్మను ముందు పెట్టుకుని రోజూ విల్లు పట్టినవాడే కదా!

కొరియాలో దీనికి మరీ స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2011 జూన్‌లో టీవీఎన్ చానెల్ ‘కొరియాస్ గాట్ టాలెంట్’ మొదలుపెట్టింది. చోయ్ సంగ్‌బోంగ్ అనే యువకుడు వేదిక మీదికి వచ్చి, అయిదేళ్ళ వయసులో అనాథాశ్రమం వదిలి పారిపోయానని, చూయింగ్ గమ్ అమ్ముకుంటూ, మెట్ల మీద, మరుగుదొడ్లలో పడుకుంటూ పెరిగానని చెప్పాడు. తర్వాత ఒపేరా గొంతుతో ఒక ఇటాలియన్ పాట అందుకున్నాడు. న్యాయనిర్ణేతలు కళ్ళు తుడుచుకున్నారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అయితే కళల పాఠశాలలో హైస్కూలు చదువు చదివానని కూడా అతను ఆ వేదిక మీదే చెప్పాడు. ప్రసారంలో ఆ మాట లేదు, ఎడిటింగ్‌లో కత్తిరించేశారు. సంగతి బయటపడగానే జనం మండిపడ్డారు. చానెల్ కత్తిరించని వీడియోను తర్వాత బయటపెట్టింది కానీ, ‘మోసగాడు’ అనే మాట మాత్రం ఏమీ దాచని ఆ కుర్రాడికే తగిలింది.

కత్తిరించిన భాగం ఏదో గమనించండి. ఆకలి, నిద్రలేని రాత్రులు అన్నీ ఉంచి చదువును తీసేశారు. చదువు ఉంటే మహిమ తగ్గుతుందని ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరో లెక్క వేశారు. పేదవాడికి పాట రావాలంటే ఆకాశం నుంచి ఊడిపడాలి తప్ప, బడికి వెళ్ళి నేర్చుకుంటే కథకు పనికిరాదు. కులాసాగా బతికేవాళ్ళకు లేనివాళ్ళ మీద ఉన్న అభిప్రాయం ఆ ఒక్క కత్తిరింపులో ఉంది.

చోయ్ తర్వాతి జీవితం బాధ కలిగిస్తుంది. తనకు క్యాన్సర్ ఉందని చెప్పి విరాళాలు తీసుకుని, 2021లో అది అబద్ధమని ఒప్పుకున్నాడు. 2023 జూన్‌లో చనిపోయాడు. చేసిన తప్పును మేము వెనకేసుకు రావడం లేదు. కానీ పాట కంటే కష్టానికే గిరాకీ ఎక్కువని ఒక కుర్రాడికి ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో నేర్పిన పరిశ్రమ కూడా ఆ కథలో ఉంది.

దీన్ని కొరియా వాళ్ళు ‘సయొన్‌పరి’ అంటారు. సయొన్ అంటే మనిషి వెనకున్న కథ, పరి అంటే అమ్మకం. మన దగ్గర ‘ఏడుపు ఎపిసోడ్’ అంటున్నది అదే. కాకపోతే ఆ మాటతో దెప్పేది పోటీకి వచ్చిన మనిషిని. కథ అల్లింది ఆ మనిషి కాదు.

అది ఎలా అల్లుతారో చూసేవాళ్ళకు తెలియాలి. దరఖాస్తు ఫారంలో ‘మీ జీవితంలో ఎదురైన కష్టాలు’ అనే గడి ఉంటుంది. అది ఖాళీగా వదిలిన పిల్లలకంటే నింపిన పిల్లల వైపు చూపు ముందు పోతుంది. తర్వాత రచయితల బృందం ఫోన్ చేసి గంటసేపు మాట్లాడించి, అందులో కన్నీళ్ళు వచ్చిన చోటును గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంటి దగ్గర షూటింగ్. రెండు నిమిషాల ముక్క కోసం పగలంతా తీస్తారు. కెమెరాను నేలకు దగ్గరగా పెడితే చిన్న గది ఇంకా చిన్నదిగా, పైకప్పు మీద పడుతున్నట్టుగా కనిపిస్తుంది. అమ్మ మొహం కంటే ముందు అమ్మ చేతులు చూపిస్తారు. వెనక పియానో సంగీతం. కొరియా కార్యక్రమాల్లో దీనికి తోడు తెర మీద రంగురంగుల అక్షరాలతో, చూసేవాళ్ళు ఏమనుకోవాలో కూడా రాసి పెడతారు.

న్యాయనిర్ణేత కన్నీళ్ళను మాత్రం ఇంట్లో కూర్చునే పరీక్షించవచ్చు. ఆమె ముందున్న గ్లాసు చూడండి. పాట మొదట్లో నీళ్ళు సగానికి ఉండి, కళ్ళు తుడుచుకునే షాట్లో గ్లాసు నిండుగా ఉండి, మళ్ళీ పాట చివర సగానికి వస్తే ఆ కన్నీళ్ళు వేరే పాటవి. భుజం మీద పడిన జుట్టు, కాలర్ మైకు వాలిన వైపు, టేబుల్ మీద కాగితాల దొంతర కూడా ఇలాగే పట్టిస్తాయి.

దీనివల్ల పాటకు జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. వేదిక ఎక్కే ముందు పిల్లను కూర్చోబెట్టి చనిపోయిన తండ్రి గురించి అడుగుతారు. ఏడిస్తే ముక్కు దిబ్బడ పడుతుంది, గొంతు బిగుసుకుంటుంది, ఊపిరి పొట్ట నుంచి తీసేది పోయి పైపైన ఛాతీలో ఆడుతుంది. పల్లవి ఎలాగో గట్టెక్కినా, అనుపల్లవిలో పై షడ్జం (పై ‘స’) అందుకునే చోట శ్రుతి దిగిపోతుంది. అప్పుడు అదే న్యాయనిర్ణేతల బల్ల నుంచి ‘ఎమోషన్ బాగుంది, పిచ్ చూసుకోమ్మా’ అనే తీర్పు వస్తుంది. ఆ పిచ్ పోగొట్టింది ఎవరు? ఏడిచిన గొంతు కుదుటపడటానికి కనీసం అరగంట కావాలి, గోరువెచ్చని నీళ్ళు కావాలి, చిన్నగా ‘ఆ’ అంటూ ఆకార సాధన చేసుకునే చోటు కావాలి. కథ చిత్రీకరణ పాట అయిన తర్వాత పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

కొరియా జనం ఇలాంటి కథలకు ఎందుకు అంతగా కరిగారో కూడా చెప్పుకోవాలి. 2010 అక్టోబరులో టీవీ పాటల పోటీ ‘సూపర్‌స్టార్ కె’ రెండో సీజన్ ఫైనల్లో హో గాక్, జాన్ పార్క్ మిగిలారు. హో గాక్ వెంటిలేటర్ ఫ్యాన్లు బిగించి రిపేరు చేసేవాడు, చదువు మిడిల్ స్కూలుతో ఆగింది. జాన్ పార్క్ అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ విద్యార్థి, అక్కడి అమెరికన్ ఐడల్‌లో పాడి వచ్చినవాడు. హో గాక్ గెలిచాడు. ఆ ఆగస్టులోనే అధ్యక్షుడు లీ మ్యుంగ్‌బాక్ ‘న్యాయమైన సమాజం’ అని నినాదం ఇచ్చారు. సెప్టెంబరులో విదేశాంగ మంత్రి, తన శాఖలోనే కూతురికి ఉద్యోగం వచ్చిన వ్యవహారంలో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఉద్యోగాల్లో జరగని న్యాయం పాటలోనైనా జరిగిందని జనం సంతోషపడ్డారు. లేనింటి నుంచి ఒకడు పైకి వస్తే ‘వాగులో నుంచి డ్రాగన్ లేచింది’ అనేది వాళ్ళ సామెత. మరికొన్నేళ్ళకు, 2015 ప్రాంతంలో, అక్కడి యువత తమను తాము ‘మట్టి చెంచా’లని, ఆస్తిపరుల పిల్లలను ‘బంగారు చెంచా’లని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఒక్క డ్రాగన్ లేచినంత మాత్రాన వాగులో మిగిలినవాళ్ళ బతుకు మారలేదు. హో గాక్ విషయంలోనూ అందరూ ఫ్యాన్ల రిపేరు గురించే రాశారు. అంతకు ముందే అతను ఈవెంట్ల వేదికల మీద పాడుతూ వచ్చాడన్నది చిన్న అక్షరాల్లో మిగిలిపోయింది.

జాలితో వేసిన ఓటు ఎక్కడికి పోతుందో 2019లో తేలింది. జులై 19న, ప్రేక్షకుల ఓట్లతో పాటల బృందాన్ని ఎంచే ‘ప్రొడ్యూస్ ఎక్స్ 101’ పోటీ ఫైనల్ అయ్యాక ప్రేక్షకులే కాలిక్యులేటర్లు పట్టుకుని కూర్చున్నారు. మొదటి, రెండో స్థానాల మధ్య తేడా 29,978 ఓట్లు. ఇంకో నాలుగు చోట్ల కూడా పక్కపక్క స్థానాల మధ్య సరిగ్గా 29,978. తవ్వితే ప్రతి పోటీదారు ఓట్లూ 7,494.442 అనే ఒకే అంకెకు గుణిజాలుగా కనిపించాయి. దాన్ని నాలుగుతో గుణించి దగ్గరి పూర్తి సంఖ్యకు సవరిస్తే వచ్చేది ఆ 29,978. నిజంగా మనుషులు వేసిన ఓట్లు అలా కుదరవు. నవంబరులో నిర్మాత ఆన్ జూన్‌యంగ్‌ను అరెస్టు చేశారు. ఆ ‘ప్రొడ్యూస్’ వరసలో వచ్చిన నాలుగు సీజన్లలోనూ ఓట్లు మార్చారని కోర్టులో తేలింది, రెండేళ్ళ జైలు పడింది. అన్యాయంగా బయటికి పోయిన 12 మంది పేర్లను 2020 నవంబరులో అప్పీలు కోర్టు చదివి వినిపించింది. ఒక్కో మెసేజ్‌కు 100 వన్ (కొరియా డబ్బు) పెట్టి ఓటు వేసిన జనానికి, ఆ పిల్లల కుటుంబాలకు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

పద్ధతి మార్చవచ్చని చూపించింది కూడా ఆ దేశమే. 2015లో ఎంబీసీ చానెల్లో ముసుగు వేసుకుని పాడే పోటీ మొదలైంది. ఓడి ముసుగు తీసేదాకా పాడేది ఎవరో తెలియదు. 2020 నవంబరులో జేటీబీసీ మొదలుపెట్టిన ‘సింగ్ ఎగైన్’ మాకు ఇంకా నచ్చింది. పోటీదారులకు పేర్లుండవు, అంకెలే. ‘నేను ఫలానా గాయకుణ్ణి’ అని ప్రతి ఒక్కరూ తమ గురించి ఒక్క వాక్యం తామే చెప్పుకోవాలి. పోటీ నుంచి వైదొలిగినప్పుడు పేరు చెబుతారు. మొదటి సీజన్ గెలిచిన 30వ నంబరు లీ సుంగ్‌యూన్ పేరున్న పాస్టర్ కొడుకని తర్వాత పత్రికల్లో వచ్చింది. వేదిక మీద మాత్రం అతనికి ఆ పేరు పనిచేయలేదు, అవతలివాడికి పేదరికం పనిచేయలేదు. తన గురించి చెప్పుకునే వాక్యం తన చేతిలోనే ఉండటం చిన్న విషయం కాదు.

మన సీమ పిల్లల సంగతికి వద్దాం. తెర మీద సీమ అంటే రెండే: కొడవలి, కరువు. పాటల పోటీకి ఎంపికైన పిల్లది కదిరి అయినా, కళ్యాణదుర్గం అయినా, ఆదోని అయినా ఎండిన బోరు, బీడు పడిన వేరుశనగ చేను, బెంగళూరుకు వలస పోయిన నాన్న, ఇదే వరస. కరువు అబద్ధమని మేము అనడం లేదు. కానీ ఆ పిల్లను భజన గుడిలో కూర్చోబెట్టి హార్మోనియం మీద శ్రుతి పట్టించిన ముసలాయన, బడి అయ్యాక ఫీజు అడగకుండా పాఠం చెప్పిన టీచరమ్మ కూడా ఈ సీమలోనే ఉన్నారు. కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన చెప్పిన సాధన ఈ నేల మీదే జరుగుతోంది. అది కెమెరాకు ఎందుకు కనిపించదు?

పిల్లలను పంపే తల్లిదండ్రులకు ఒక మాట. మీరు భయపడాల్సిన పని లేదు, చట్టం మీ వైపు ఉంది. 2017 బాలకార్మిక నియమాల ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలతో కార్యక్రమం తీయాలంటే నిర్మాత ఆ షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి పని చేయించకూడదు. పిల్లకు వచ్చే డబ్బులో కనీసం 20 శాతం ఆమె పేరు మీద జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి. అనుమతి కాగితం చూపించమని అడగండి, ఎవరూ తప్పు పట్టరు.

సంతకం పెట్టమని ఇచ్చే కాగితాన్ని స్టూడియోలో హడావిడి మధ్య కాకుండా ఒక రోజు ముందే తెప్పించుకుని, ఇంగ్లిష్ వచ్చిన వాళ్ళతో చదివించుకోండి. ‘ఎలాగైనా మార్చుకునే హక్కు’ అనే అర్థం వచ్చే వాక్యం దాదాపు ప్రతి దాంట్లో ఉంటుంది. దాన్ని కొట్టేయించడం కష్టమే. అయినా ఇంటి అప్పు, తండ్రి తాగుడు, చనిపోయినవాళ్ళ ఫొటోలు తీయకూడదని కింద చేత్తో రాసి, రెండు వైపులా సంతకాలు చేయించి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. పరిచయ వాక్యం పిల్ల చేతే కాగితం మీద రాయించండి. అందులో గురువు పేరు, ఎన్నేళ్ళుగా నేర్చుకుంటోంది తప్పకుండా ఉండాలి.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. మన జిల్లా పిల్లలు ఎవరైనా పోటీలో గెలిస్తే జిల్లా ఎడిషన్‌లో ‘కూలీ బిడ్డ ఘనత’ అని శీర్షిక పెట్టి, ఇంటి ముందు నిలబెట్టి ఫొటో వేస్తున్నారు. ఈసారి ఆ పిల్లను, నేర్పినవాళ్ళను పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యలో శ్రుతిపెట్టె పెట్టి ఫొటో తీయండి. ఫొటో కింద ఇద్దరి పేర్లూ వేయండి.

ఇట్లు,
సంగీతం నేర్పే కొందరు ఉపాధ్యాయులు,
అనంతపురం.