జాలీ బాయ్ పడవ ఎందుకు ఎక్కలేదంటే

సంక్రాంతి సెలవుల్లో మాతో అండమాన్ వచ్చిన 22 మందికీ, వేసవి బ్యాచ్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్ళకీ ఇది రాస్తున్నాను. వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే నాలుగు కథలు తిరుగుతున్నాయి. అసలు జరిగింది నేనే చెబుతాను.

జాలీ బాయ్ దీవిలో స్నార్కెలింగ్, అంటే మాస్కు పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం, చేయిస్తామన్నాం, చేయించలేకపోయాం. తప్పు మాదే.

పోర్ట్ బ్లెయిర్ పేరు ఇప్పుడు శ్రీ విజయపురం. అక్కణ్ణుంచి 30 కిలోమీటర్లు వెళితే వండూర్ జెట్టీ. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకి పడవలు బయల్దేరేది అక్కడే. 1983లో ఏర్పాటైన ఆ పార్కులో 15 దీవులుంటే, టూరిస్టులని రానిచ్చేవి జాలీ బాయ్, రెడ్ స్కిన్ రెండే. అవీ సీజన్‌ని బట్టి ఒకటి తెరిస్తే ఇంకోటి మూస్తారు, సముద్రం అడుగున బతికే పగడాలు కాస్త తేరుకోవాలని. పర్మిట్ లేనిదే పడవ ఎక్కనివ్వరు.

ఆ పర్మిట్ల పని తొమ్మిదేళ్ళుగా అక్కడి ఏజెంట్ ఒకతను చూసేవాడు. తెలుగువాడే. ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తే, "అయిపోయాయన్నా, టెన్షన్ పడకండి" అన్నాడు. కాగితం ఫొటో తీసి పంపమంటే, పొద్దున జెట్టీ దగ్గర చేతికే ఇస్తానన్నాడు. సరేనని పడుకున్నాను చూడండి, నేను తప్పు చేసింది అక్కడే.

పొద్దున వెళ్ళి చూస్తే లిస్టులో మనవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. అతని ఫోన్ స్విచాఫ్. పార్కులోకి ప్లాస్టిక్ రానివ్వరని నేను చెప్పిన మాట పట్టుకుని, విజయవాడ సత్యనారాయణపురం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పండక్కి చేసిన అరిసెలని కవర్లోంచి తీసి స్టీలు డబ్బాలో సర్దుకొచ్చారు. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. పక్కనే బీచ్ ఉంది, పిల్లల్ని అందులో దింపుదామా అంటే మొసళ్ళున్నాయని బోర్డులు.

అప్పుడొచ్చాడు ఒక పడవతను. చుట్టూ తిప్పి పగడాలున్న చోటికే తీసుకెళతా, మనిషికి ఎనిమిది వందలు, ఎవరూ చూడరు అన్నాడు. అబద్ధం ఎందుకు, పది నిమిషాలు ఊగిసలాడాను. జేబులో డబ్బుంది. పిల్లలు అప్పటికే మాస్కులు మెడలో వేసుకుని తిరుగుతున్నారు. ఒప్పుకుంటే ఆ పూట గట్టెక్కేవాణ్ణి. కానీ అది నేషనల్ పార్కు, పగడాలకి పులికి ఉన్నట్టే చట్టం రక్షణ ఉంది. 2010లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబడి చచ్చిపోయాయి. బండలా ఉండే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటూ పెరుగుతుంది. లంగరు ఎక్కడ వేస్తాడో తెలియని పడవలో, ఈత రాని ఇరవైమందిని దింపితే వాళ్ళ కాళ్ళు ఆనేది దాని మీదే. పైగా ఎవరికైనా ఏమైనా అయితే? వద్దన్నాను. "మీకు చేతకాక నీతులు చెబుతున్నారు" అని మనవాళ్ళలోనే ఒకాయన అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. అయినా రేపు మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ వద్దనే అంటాను.

ఏజెంట్‌ని మానేశాను. అతని దగ్గర చిక్కుకున్న 33 వేలు వస్తాయో రావో, అది నా తలనొప్పి. జాలీ బాయ్ కోసం మీరు మనిషికి కట్టిన పదిహేను వందలు మీకు ఇచ్చేస్తున్నాను.

ఇకపై పర్మిట్ కాగితం నా చేతికొచ్చి, దాని ఫొటో మీకు పంపాకే వండూర్ డబ్బులు తీసుకుంటాను. పార్కుకి సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు ప్లాన్‌లో పెట్టం. ఈత రానివాళ్ళకి, నీళ్ళంటే భయమున్నవాళ్ళకి అడుగున అద్దం ఉన్న పడవ ఉంటుంది, బట్టలు తడవకుండా పగడాలు చూడొచ్చు. స్టీలు సీసా మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

గ్రూపులో "మోసం" అని రాసినాయన, ఇంకో కుటుంబం, ఇద్దరే డబ్బు ఇంకా తీసుకోలేదు. గవర్నర్‌పేటలో పద్నాలుగేళ్ళుగా ఆ మెట్ల పక్క గదిలోనే కూర్చుంటున్నాను, ఎక్కడికీ పోలేదు. కవర్ల మీద పేర్లు రాసి సొరుగులో పెట్టాను. ఆదివారం కూడా ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది.