యాంటీ డంపింగ్ సుంకం: వేయించడం కన్నా నిలబెట్టుకోవడమే కష్టం

సంపాదకుల గారికి,

నమస్కారం. యాంటీ డంపింగ్ అన్న మాట మన నెల్లూరు జిల్లా వాళ్లకు కొత్తేమీ కాదు. సొంత దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు పరాయి దేశానికి పంపే సరుకు మీద, ఆ దేశం వేసే అదనపు సుంకమిది. ముత్తుకూరు, విడవలూరు వైపు ఏ రొయ్యల రైతును కదిలించినా, అది అమెరికా వాడు మన మీద వేసిందనే చెబుతాడు. 2005 ఫిబ్రవరిలో వేశారు. మొదట్లో మన ఎగుమతిదారుల్లో చాలామందికి అది 10.17 శాతం. ఆ తర్వాత ఏటా సమీక్షలో రేటు తగ్గుతూ పెరుగుతూ వచ్చింది గానీ సుంకం మాత్రం పోలేదు. అయిదేళ్లకోసారి గడువు దగ్గర పడగానే అక్కడి రొయ్యల వాళ్లు కాగితాలు పట్టుకుని హాజరవుతారు, అది పొడిగింపుకు నోచుకుంటుంది. ఇరవై ఏళ్లు దాటింది. అది చాలదన్నట్టు 2024 డిసెంబరులో 5.77 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం, అంటే మన ప్రభుత్వ సబ్సిడీలకు విరుగుడుగా వేసేది, కూడా పైన ఎక్కించారు.

మనం దిగుమతుల మీద వేసే ఇలాంటి సుంకాలు ఎత్తేయాలని, వాటివల్ల సరుకు ప్రియమవుతోందని వాదన గట్టిగా వినిపిస్తున్న రోజులివి. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయినా లెక్క ఎలా కడతారో తెలియకుండా ఎత్తేయమనడం సరికాదు.

ఉదాహరణకు ఒక విదేశీ ఫ్యాక్టరీ తన దేశంలో కిలో సరుకును గేటు దగ్గర వంద రూపాయలకు అమ్ముతోందనుకుందాం. మన రేవుకు చేర్చిన ధర 82. ఓడ కిరాయి, బీమా, అక్కడి లారీ ఖర్చు, కమీషన్ కలిపి 12 తీసేస్తే గేటు దగ్గర దానికి మిగిలేది 70. తేడా 30, అంటే ఎగుమతి ధర మీద దాదాపు 43 శాతం. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, అంతా సుంకంగా పడుతుందనుకుంటారు. కాదు. మన ఫ్యాక్టరీకి నష్టం రాకుండా ఉండే ధర ఎంతో విడిగా కడతారు: ముడిసరుకు, కరెంటు, కూలి, తరుగుదల, పెట్టుబడి మీద 22 శాతం రాబడి. అది 102 వచ్చిందనుకోండి. దిగుమతి సరుకు ఏడున్నర శాతం బేసిక్ కస్టమ్స్ సుంకంతో కలిపి 88కి దిగుతోంది. ఇక్కడ తేడా 14. రెండు తేడాల్లో ఏది తక్కువైతే అదే సుంకం, కాబట్టి పడేది 14 రూపాయలే. అమెరికా మన రొయ్య మీద ఈ దయ చూపదు, అక్కడ డంపింగ్ తేడా ఎంతో అంతా కట్టించుకుంటారు.

మన చెరువులకు నేరుగా తగిలే సరుకు ఒకటి చూద్దాం. నీటిని శుద్ధి చేయడానికి వాడే టీసీసీఏ, అంటే ట్రైక్లోరో ఐసోసైన్యూరిక్ యాసిడ్. చైనా, జపాన్ నుంచి వచ్చే ఈ సరుకు మీద 2025 మార్చిలో అయిదేళ్లకు సుంకం వేశారు. టన్నుకు 276 నుంచి 986 డాలర్లు. డాలరుకు అప్పటి 86 రూపాయల లెక్కన కిలోకు 24 నుంచి 85 రూపాయలు, ఆపైన జీఎస్టీ. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లుంటే అది సుమారు 4,000 ఘనపు మీటర్లు. ఒక పీపీఎం (పది లక్షల వంతుల నీటికి ఒక వంతు) మోతాదుకు నాలుగు కిలోలు పడుతుంది. అంటే విడతకు ఎకరానికి అదనపు భారం తక్కువ రేటుతో వంద రూపాయల లోపు, ఎక్కువ రేటుతో 340. తక్కువేమీ కాదు, నిజమే. కానీ మేతకు, కరెంటుకు, రొయ్య పిల్లకు పెట్టే ఖర్చు పక్కన పెట్టి చూస్తే రైతును ముంచేది ఇది కాదు. దేశంలో తయారీ ఆగిపోతే బయటివాడు చెప్పిందే ధర. అప్పటి నష్టాన్ని ఎవరు కట్టిస్తారు?

ఆ 276కీ 986కీ మధ్య దూరమే గండి పడే చోటు. విచారణకు సహకరించి లెక్కలు చూపిన ఉత్పత్తిదారుకు తక్కువ రేటు, చూపని వాళ్లకు ఎక్కువ రేటు. దాంతో ఎక్కువ రేటు పడాల్సిన వాడి సరుకు తక్కువ రేటున్నవాడి ఇన్‌వాయిస్ మీద వస్తుంది. నోటిఫికేషన్ పట్టికలో సరుకు పుట్టిన దేశం, ఎగుమతైన దేశం, ఉత్పత్తిదారు అని వేర్వేరు గడులుంటాయి. దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఇవన్నీ పట్టికలోని వరుసతో సరిపోతేనే తక్కువ రేటు ఇవ్వాలి, ఒక్కటి తప్పినా మిగతావాళ్ల రేటే. సంచి మీది ముద్ర, లాట్ నంబరు, ఫ్యాక్టరీ పరీక్ష సర్టిఫికెట్ ఈ మూడూ కలవకపోతే అనుమానించాల్సిందే. ఇంకో దొంగదారి, సరుకును మూడో దేశంలో దించి అక్కడి మూల ధ్రువపత్రంతో పంపడం, లేదా కాస్త మార్చి సుంకాల జాబితాలో వేరే హెడింగ్ కింద చూపడం. దీనికి నియమాల్లో ఎగవేత నిరోధక విచారణ ఉంది, అడిగేవాళ్లే తక్కువ. రిఫరెన్స్ ధర పద్ధతిలో, అంటే ఖాయం చేసిన ధర కన్నా దిగుమతి ధర ఎంత తగ్గితే అంత వేసే సుంకంలోనైతే, ఎగవేత మరీ తేలిక: కాగితం మీద ధర ఎక్కువ రాసి సుంకం ఎగ్గొట్టి, తేడా డబ్బు వెనక దారిన తిప్పుకుంటారు. అందుకే టన్నుకింత అని ఖాయంగా వేసిన సుంకమే నయమని నా అభిప్రాయం.

గడువు సంగతి కూడా చెప్పాలి. 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్ ప్రకారం సుంకానికి ఆయుష్షు అయిదేళ్లు. గడువు లోపల సన్‌సెట్ రివ్యూ, అంటే సుంకం ఇంకా ఉంచాలా వద్దా అన్న సమీక్ష, మొదలైతే అది తేలేదాకా ఏడాది వరకు కొనసాగించవచ్చు. మొదలు కాకపోతే ఆ రోజుతో చచ్చినట్టే. ఈ విచారణలు జరిపే కేంద్ర వాణిజ్య శాఖ విభాగం డీజీటీఆర్ సిఫారసు చేసినా ఆఖరి మాట ఆర్థిక శాఖది, దానికి మూడు నెలల గడువు. సోలార్ ప్యానెళ్ల మీద వాడే టెంపర్డ్ గాజు సంగతి చూడండి. చైనా సరుకు మీద 2017 ఆగస్టులో అయిదేళ్లకు సుంకం వేశారు. ఆ గడువు తీరిన రెండేళ్లకే, 2024 డిసెంబరులో, చైనాతో పాటు వియత్నాంనూ కలిపి తాత్కాలిక సుంకం వేయాల్సి వచ్చింది. నడుమ నష్టపోయిన వాళ్లకు ఆ సుంకంలో పైసా రాదు.

అన్ని సుంకాలూ ఉండాలని నేననను. దేశం మొత్తానికి ఒకరిద్దరే తయారీదారులుండి, వాళ్లు గిరాకీ తీర్చలేకపోతే సుంకం కాస్తా గుత్తాధిపత్యానికి కంచె అవుతుంది. పాలిస్టర్‌కు ముడిసరుకైన పీటీఏ మీది సుంకాన్ని 2020 బడ్జెట్‌లో ప్రజాప్రయోజనం పేరుతో తీసేశారు. అక్కడ కారణం బయటికి చెప్పారు. సిఫారసును పక్కన పెట్టిన ప్రతిసారీ ఆర్థిక శాఖ అలాగే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

చిన్న ఫ్యాక్టరీల వాళ్లకు ఒక మాట. దరఖాస్తును బలపరిచేవాళ్ల ఉత్పత్తి దేశం మొత్తంలో 25 శాతమైనా ఉండాలి, వ్యతిరేకించేవాళ్ల కన్నా ఎక్కువా ఉండాలి. ఒక్కరితో కాకపోతే సంఘంగా కలవండి. విచారణ ఏడాదితో పాటు అంతకు ముందు మూడేళ్ల లెక్కలు అడుగుతారు. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే: ఖర్చుల పుస్తకం మొత్తం ఫ్యాక్టరీకి ఒకటే ఉంటుంది, సరుకువారీగా విడదీసి ఉండదు. రహస్యమని ఇచ్చిన లెక్కకు బహిరంగ సారాంశం జతచేయకపోతే దాన్ని పక్కన పెట్టేయొచ్చు. రొయ్య రైతుల సంఘాలూ వాడకందారులుగా డీజీటీఆర్ ప్రశ్నావళికి జవాబివ్వొచ్చు. విచారణ నోటిఫికేషన్ వచ్చాక ముప్పై రోజులే వ్యవధి. సుంకం పడ్డాక ధర్నా చేసే కన్నా, ఎకరానికెంత పడుతుందో ఆ ముప్పై రోజుల్లో రాసివ్వడమే మేలు.

టీసీసీఏ మీది సుంకం 2030 మార్చిలో తీరుతుంది. పొడిగింపు అడిగేవాళ్లూ, వద్దనేవాళ్లూ 2029 మొదట్లోనే లెక్కల దస్తా తెరవాలి.

ఇట్లు,
ఒక కాస్ట్ అకౌంటెంట్,
నెల్లూరు