గాజు పాత్ర పిల్లల చేతికి ఇవ్వండి

సంపాదకులకు నమస్కారములు.

పది రోజుల క్రితం మీ జిల్లా సంచికలో, ప్రాథమిక పాఠశాలల్లో ప్రయోగాల ద్వారా విజ్ఞాన బోధన జరుగుతోందంటూ ఒక వార్తను, పెద్ద ఫొటోను ప్రచురించారు. ఆ ఫొటోలో గాజు పాత్రను పట్టుకున్నవన్నీ పెద్దల చేతులే. పిల్లలు చేతులు కట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిని కనుక, దానిని ప్రయోగం అనడానికి నాకు మనసొప్పలేదు.

నాలుగో తరగతి చదువుతున్న మా మనవరాలు ఘన, ద్రవ, వాయు పదార్థాల నిర్వచనాలను తడుముకోకుండా అప్పజెబుతుంది. గ్లాసులో బియ్యం పోసి ఇది ఘనమా, ద్రవమా అని అడిగితే, పాత్ర ఆకారం వచ్చింది కనుక ద్రవమేనంది. బట్టీపట్టిన వాక్యం ప్రకారం ఆమె జవాబు సబబే. నాలుగు గింజలను అరచేతిలో వేసుకుని, గ్లాసు ఆకారం వచ్చింది కుప్పకే గానీ గింజకు కాదని తానే కనిపెట్టాక గానీ ఆ వాక్యానికి అర్థం తెలియలేదు. ఇందుకు ఖర్చయినది గుప్పెడు బియ్యం.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మా ఇస్కపల్లి ఉప్పు మడుల్లో ఎండకు ఆ నీరు ఆవిరైతేనే ఉప్పు చేతికొస్తుంది. ఆ మడుల గట్ల మీదుగా నడిచి బడికొచ్చే పిల్లలచేత కూడా 'బాష్పీభవనం' అని పదిసార్లు రాయిస్తున్నాము. పిడికెడు ఉప్పును, గ్లాసెడు నీటిని విడివిడిగా తూచి, కలిపాక మళ్లీ తూస్తే, ఉప్పు కనబడకపోయినా బరువు తగ్గదని తెలుస్తుంది. ఆ నీటిని కొద్దిగా పళ్లెంలో పోసి డాబా మీద ఎండబెడితే, భూతద్దంలో చదరపు పలుకులు కనిపిస్తాయి. మన జిల్లాలోని సైదాపురం నుంచి అభ్రకం (మైకా) ఒక్క పెళ్ల తెచ్చినా, పొరలుగా చీలడం, వెలుతురును పోనివ్వడం పిల్లలే చూసుకోగలరు.

నేను పనిచేసిన ఒక బడిలో ప్రయోగ సామగ్రి పెట్టె ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయింది, పగిలితే జీతంలో కోస్తారేమోనని మా అందరికీ భయం. తనిఖీకి వచ్చినవారు స్టాకు రిజిస్టరును అడిగారే తప్ప, పెట్టెను ఎన్నిసార్లు తెరిచారని ఒక్కనాడూ అడగలేదు. దానికి తోడు భోజనాల ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు ఫోనులో పంపే పనీ కొన్నేళ్లు ఉపాధ్యాయుడి మీదే పడింది. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాము. చదువును బట్టీ నుంచి తప్పించాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పి ఇరవై ఏళ్లయింది. అయినా తరగతి గదిలో పిల్లలు ఇంకా చేతులు కట్టుకునే కూర్చుంటున్నారు.

సామాను పగిలితే ఉపాధ్యాయుణ్ణి బాధ్యుణ్ణి చేయబోమని విద్యాశాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. తనిఖీ అధికారి రిజిస్టరు తెరిచేముందు ఒక పిల్లను పిలిచి, ఉప్పు, నీళ్లు, తక్కెడ ఇచ్చి చేయించి చూడాలి. ఇకపై ఇటువంటి వార్త వేసేటప్పుడు, పాత్ర ఎవరి చేతిలో ఉందో చూసి వేయవలసిందిగా మిమ్మల్నీ కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అల్లూరు, నెల్లూరు జిల్లా