ఆ కుర్చీ వద్దనకు

చెన్నై,
ఆదివారం

ప్రియమైన నేస్తమా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అంత పెద్ద కంపెనీవాళ్లు ఫైనాన్స్ హెడ్‌గా రమ్మని పిలుస్తుంటే, బాబుకు ఇంకా ఏడాదే కదా, వాడు కాస్త పెద్దయ్యాక చూద్దాంలే అని రాశావు. ఫోనులో చెబితే నువ్వు మాట దాటేస్తావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పిల్లలిద్దరూ వాళ్ల నాన్నతో బెసెంట్ నగర్ బీచికి వెళ్లారు, చీకటి పడితే గానీ రారు.

నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఒప్పుకో. పిల్లల కోసం వద్దనుకుంటున్నావు చూడు, ఆ పిల్లల కోసమే ఒప్పుకోమంటున్నాను. ఇప్పుడు నేనూ ఫైనాన్స్ హెడ్‌నే గానీ, అంతకుముందు మేనేజరుగా ఉన్న రోజుల్లో పని నాది, వేళ ఇంకొకరిది. మధ్యాహ్నం మూడింటికే సిద్ధమైన ప్రొవిజన్ల (రాబోయే ఖర్చులకు ముందే పక్కన పెట్టే మొత్తాల) పట్టికను పైవాళ్లు సాయంత్రం ఏడింటికి తీరిగ్గా వచ్చి చూసేవారు. వాళ్లు లేచేదాకా నేను లేవకూడదు. పొద్దుపోయేదాకా కూర్చున్నవాళ్లే పనిమంతులనే ఆనవాయితీ మన వృత్తిలో ఎవరు మొదలుపెట్టారో గానీ, ఎంతమంది తెలివైన ఆడపిల్లల చేత ఉద్యోగం మాన్పించిందో! మనతో ఆర్టికల్స్, అదే సీఏ శిక్షణ, చేసినవాళ్లనే ఒకసారి తలుచుకో. బ్యాలెన్స్ షీట్ ఒక్క చూపు చూసి తప్పు పట్టేసేవాళ్లు కూడా మొదటి కాన్పుతో ఆగిపోయారు. వాళ్లకు పని చేతకాకపోవడం వల్ల కాదు, వేళలు కుదరకపోవడం వల్ల. ఆ వేళలను మార్చగలిగేది హెడ్ ఒక్కరే.

నిజానికి మన పనిలో హఠాత్తుగా వచ్చిపడేది ఎంతని? చెల్లింపుల్లోంచి పట్టుకున్న పన్ను, అంటే టీడీఎస్, కట్టడానికి ఏడో తారీఖు. జీఎస్టీ రిటర్నులకు పదకొండు, ఇరవై. మాది షేర్ మార్కెట్లో నమోదైన (లిస్టెడ్) కంపెనీ కాబట్టి త్రైమాసిక ఫలితాలు 45 రోజుల్లో, సంవత్సరాంతానివి 60 రోజుల్లో. అన్నీ ఏడాది ముందే తెలిసిన గడువులు. మా వంటింట్లో వేలాడే వెంకట్రామా క్యాలెండర్‌లో ఏకాదశి, సంకష్టహర చతుర్థి పక్కనే నా గడువులు ఎర్ర సిరాతో, పిల్లల పరీక్షలు, బడి సమావేశాలు పచ్చ సిరాతో ఉంటాయి. రెండు రంగులూ ఒకే గడిలో పడిన రోజు బడికి ఎవరు వెళ్లాలో మేమిద్దరం సంక్రాంతిలోపే తేల్చుకుంటాం. మా ఆయన నాకు సాయం చేస్తున్నారని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలు ఆయనకూ పిల్లలే కదా!

అయితే క్యాలెండర్‌లో ఇమడని రోజులూ ఉంటాయి. సెప్టెంబర్ త్రైమాసికం ఫలితాలకు ఆఖరి గడువు నవంబర్ 14, సరిగ్గా బాలల దినోత్సవం. పైగా అది ఈశాన్య రుతుపవనాల కాలం. పోయిన ఏడాది, ఫలితాలను పరిశీలించే ఆడిట్ కమిటీ సమావేశం రోజున తెల్లవారేసరికి కలెక్టరు బడులకు సెలవు ప్రకటించారు. మా వేళచ్చేరి వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. పనమ్మాయి రాలేదు, అత్తయ్యగారు నెల్లూరులో ఉన్నారు. మా ఆయన తన పని మధ్యాహ్నానికి మార్చుకుని, పిల్లలకు ఉప్మా పెట్టి వెనక గదిలో కూర్చోబెట్టారు. నేను ముందుగది తలుపు వేసుకుని, అమ్ముడుపోక కదలని సరుకు విలువ ఎందుకు తగ్గించామో వీడియోలో ఆడిటర్లకు వివరిస్తున్నాను. కాగితాలన్నీ అంతకుముందే అందరికీ చేరాయి కాబట్టి చర్చ చకచకా సాగుతోంది. ఇంతలో చిన్నది తలుపు తోసుకుని వచ్చి, పాత కాగితంతో చేసిన పడవ కెమెరా ముందు పెట్టింది. "చాలా బాగుందమ్మా, బయట నీళ్లున్నాయిగా, వదులు" అన్నారు కమిటీ అధ్యక్షులు. నేను ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. మూడేళ్ల పిల్ల ఇంట్లో ఉండటం తప్పా ఏమిటి?

హెడ్‌గా చేరాక నేను మొదట మార్చింది రివ్యూల వేళ. సాయంత్రం నాలుగు దాటాక ఏ రివ్యూ లేదు. నెలాఖరులో లెక్కలు ముగించే క్లోజింగ్‌లో సగం పని ఇరవై అయిదో తారీఖుకే మొదలవుతుంది: బ్యాంకు లెక్కతో మన లెక్క సరిచూడటం (రికన్సిలియేషన్), రావలసిన బిల్లుల అంచనా, స్టాకు లెక్క. ఏ పనైనా ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒకరి బిడ్డకు జ్వరం వస్తే రెండోవారు అందుకుంటారు. గడువు ఒక్కటీ తప్పిపోలేదు.

ఇక క్రెష్ సంగతి, అదే, పనివేళల్లో ఉద్యోగుల పసిపిల్లలను చూసుకునే చోటు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో వచ్చిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయిందని అందరికీ తెలుసు. కానీ 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులోనే వచ్చింది. మా దగ్గర దాని పేరున ఒక గదైతే ఉండేది, నిండా పాత ఫైళ్లు. మేనేజరుగా నేను అడిగితే బడ్జెట్ లేదన్నారు. ఇప్పుడు ఆ బడ్జెట్ మీద సంతకం నాది. ఫైళ్లు గోదాముకు వెళ్లాయి, గదిలోకి ఉయ్యాలలు, ఇద్దరు ఆయాలు వచ్చారు. నా పిల్లలు ఆ వయసు దాటిపోయారనుకో. కానీ మా జీఎస్టీ చూసే అమ్మాయి ఈ ఏడాది కాన్పు తరువాత తిరిగి చేరింది. ఆ సంతోషం నీకు ఎలా చెప్పను!

ఈ ఊళ్లో ఉంటూ శివభోగంగారిని తలుచుకోకుండా ఉండలేను. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లివచ్చి, 1933లో అకౌంటెన్సీ పరీక్ష నెగ్గి, దేశంలో మొట్టమొదటి మహిళా ఆడిటర్ అయ్యారు. తరువాత మన సీఏ సంస్థ దక్షిణ ప్రాంత మండలికి అధ్యక్షత వహించారు. ఆవిడదీ ఈ మద్రాసే! ఆవిడ వేసిన దారిలో ఇన్నేళ్ల తరువాత కూడా, "మరి పిల్లల్ని ఎవరు చూసుకుంటారు?" అని ఇంటర్వ్యూలో ఆడవాళ్లనే అడుగుతున్నారు. నన్నూ ఒకచోట అడిగారు. "మగ అభ్యర్థులను కూడా అడిగారా?" అన్నాను. జవాబు రాలేదు, ఉద్యోగమూ రాలేదు. చింత లేదు.

నీ బాబు మొదటి అడుగు ఆయా చూసి నీకు చెబుతుందేమో అని రాశావు. ఆ ముక్క దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అవును, చెబితే చెబుతుంది. దానికి నా దగ్గర మందు లేదు. మా పెద్దవాడి మొదటి మాట అత్తయ్యగారు ఫోనులో వినిపిస్తే ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అయినా ఉద్యోగం మానాలనిపించలేదు. వాడిని ఎంత ప్రేమిస్తానో, లెక్కలు సరిగ్గా కలిసినప్పటి ఆ తృప్తినీ అంతే ప్రేమిస్తాను. నువ్వూ అంతే. ట్రయల్ బ్యాలెన్స్ కలిసిందని అర్ధరాత్రి నన్ను లేపి చెప్పినదానివి!

కాబట్టి ఆఫర్ కాగితం చేతికి రాగానే సంతకం పెట్టేయకు. క్రెష్ ఉందా, ఉంటే తెరిచే ఉందా, నువ్వే వెళ్లి చూడు. సాయంత్రం వేళల సంగతి నోటిమాటగా వదలకు, రాతపూర్వకంగా తీసుకో. జీతం గురించి మొహమాటపడకు. చేరే తేదీ మాత్రం జూన్ రెండో వారంలో పెట్టించుకో: సంవత్సరాంత ఫలితాలు మే 30తో అయిపోతాయి, తరువాతి క్లోజింగ్‌కు ఇంకా రెండు వారాలుంటుంది, బాబు క్రెష్‌కు అలవాటు పడటానికీ ఆ వ్యవధి సరిపోతుంది. మొదటి వారం నేను సెలవు పెట్టి బెంగళూరు వచ్చి నీ దగ్గర ఉంటాను. ఏ తేదీ ఖాయమైందో వెంటనే రాయి, టికెట్ తీసుకోవాలి.

నీ
నేస్తం