గత సంవత్సరపు కార్యకలాపాల వార్షిక నివేదిక
(శ్రీకాకుళంలో జరిగిన సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఆమదాలవలస, నరసన్నపేట, టెక్కలి ప్రాంతాల నుంచి శ్రమపడి వచ్చిన సభ్యులకు నమస్కారాలు. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక, ఈ ఏడాది మన శ్రమ ఎక్కువగా వెచ్చించిన విషయానికే నేరుగా వస్తున్నాను.

నెలలు తక్కువ బిడ్డ ఊపిరితిత్తులు పుట్టిన తర్వాతే చెడతాయని, దానికి కారణం వెంటిలేటరే అని చాలా ఇళ్లలో అనుకుంటారు. 1967లో నార్త్‌వే అనే డాక్టరు బృందం బీపీడీ (బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా) అనే ఈ ఊపిరితిత్తుల జబ్బును మొదట వర్ణించినది వెంటిలేటర్ మీద, ఎక్కువ ఆక్సిజన్‌తో బతికిన పిల్లల్లోనే కనుక ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే కొందరు బిడ్డలకు దెబ్బ కడుపులోనే మొదలవుతుంది. యోని మార్గం గుండా పైకి పాకిన క్రిములు ఉమ్మనీటి సంచి పొరలను చేరినప్పుడు అక్కడ వాపు పుడుతుంది. దానినే డాక్టర్లు కోరియోఆమ్నియోనైటిస్ అంటారు. ఆ వాపు నొప్పులను ముందే రప్పించడమే కాక, బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు, వాటిని అల్లుకునే సన్నని రక్తనాళాలు సరిగా ఎదగకుండా అడ్డుపడగలదు. గర్భం నుంచి లెక్కిస్తే 36 వారాలు వచ్చినా ఆక్సిజన్ వదలలేని బిడ్డకు బీపీడీ ఉన్నట్టు పరిగణిస్తారు. ఇటువంటి పిల్లలు మొదటి రెండేళ్లలో ఆయాసంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రి పాలవుతుంటారు. తల్లికి జ్వరం లేకుండానే ఈ వాపు ఉండవచ్చన్నది నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి.

నవంబర్ 17న, నెలలు నిండని శిశువుల ప్రపంచ దినోత్సవం నాడు మనం జరిపిన సదస్సు ఈ ఏటి మన గర్వకారణం. హాలు చాలక వరండాలో చాపలు పరిచాం. మూత్రంలో మంట, దుర్వాసనతో తెల్లబట్ట, ఉమ్మనీరు కారడం వంటివి సిగ్గుపడి దాచవద్దని పిల్లల డాక్టరు గారు ఓపికగా చెప్పారు. 34 వారాల లోపు ప్రసవం తప్పదనిపిస్తే, తల్లికి తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవుతాయని వివరించారు. మన వైపు పెద్దావిడలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ గురించి కూడా మాట్లాడారు. ఆ పొగ గర్భిణికీ, ఇంటికి తెచ్చుకున్న పసిగుడ్డుకూ హానేనని విని, ముందు వరుసలోని ఒక అత్తగారు తన చుట్టను అక్కడే పారేశారు. డాక్టరు గారికి, ఆశా కార్యకర్తలకు, భోజనాలు వండి పెట్టిన మహిళా సభ్యులకు, హాలు ఉచితంగా ఇచ్చిన దాతకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

మాటిచ్చిన ముఖ్య అతిథి రాలేదు. ఆ అధికారి కోసం గర్భిణులను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టవలసి రావడం నాకు బాధ కలిగించింది. మూత్ర పరీక్ష సామగ్రి లేదని తల్లులను తిప్పి పంపుతున్న ఒక కేంద్రం గురించి రెండుసార్లు అర్జీ పెట్టినా జవాబు రాలేదు. నిరుడు చేతులెత్తి పేర్లిచ్చిన స్వచ్ఛంద సభ్యుల్లో ఎక్కువమంది ఇంటింటి పర్యటనలకు ఒక్కరోజైనా రాలేదు. ఆ భారమంతా కొద్దిమంది ఆడపడుచులే మోశారు.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. కోశాధికారి సంతకం చేశారు, ఆమోదించ ప్రార్థన. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి పర్యటనలు మళ్లీ మొదలవుతాయి. రాగలవారు ఈరోజే రిజిస్టరులో సంతకం చేయండి. రాలేనివారు దయచేసి పేరు ఇవ్వకండి.

ఇట్లు,
కార్యదర్శి