మా మేపుల్ చెట్టుని నిలబెట్టిన బాబాయి గారికి

పోయిన జూలైలో ఇక చచ్చిందనుకున్న మా జపనీస్ మేపుల్ ఈ మార్చిలో ఒళ్ళంతా ఎర్రటి చిగురేసింది. ఆ పుణ్యం మా ఎదురింటి అమ్మాయి వాళ్ళ నాన్నగారిది. గుంటూరు జిల్లా నుంచి ఆరు నెలలు కూతురి దగ్గర ఉండి పోదామని వచ్చిన మనిషి, మా చెట్టు కోసం రోజూ రోడ్డు దాటి వచ్చేవారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి బాబాయి గారనే రాస్తున్నాను.

మేముండేది డాలస్ పక్కన, ప్లేనోలో. ఫోర్ట్ వర్త్ జపనీస్ గార్డెన్‌లో ఈ చెట్లు చూసి మోజుపడి, బ్లడ్‌గుడ్ రకం కొని, పడమటి ఇటుక గోడ పక్కన నాటాను. గార్డెన్‌లో అవి పెద్ద చెట్ల నీడన ఉన్నాయన్న సంగతి నా బుర్రకెక్కలేదు. ఎండ 104 ఫారెన్‌హీట్ దాటేసరికి ఆకుల అంచులు మాడిపోయి, ముట్టుకుంటే అప్పడంలా పొడైపోతున్నాయి. నీళ్ళు చాలట్లేదనుకుని పూటపూటా పోశాను, ఎరువూ వేశాను. ఇంకా మాడింది. ఒక నర్సరీలో ఫొటో చూపిస్తే రోగమేమో, పీకేయమన్నారు.

వాకింగ్‌కి పోతూ బాబాయి గారు ఆగారు. ముందు మట్టిలో వేలు గుచ్చి చూశారు. "ఇది మా నల్లరేగడే కదయ్యా! పైన బీటలు, కింద బురద. వేళ్ళకి ఊపిరాడొద్దూ?" అన్నారు. తర్వాత గోటితో ఓ కొమ్మ బెరడు గీకారు. లోపల పచ్చగా ఉంది. ఇంకో మూడు కొమ్మలు గీకారు, అన్నీ పచ్చగానే ఉన్నాయి. రోగమైతే ఒక కొమ్మ ఎండి పక్కది బాగుండేదట. ఇక్కడ పడమటి వైపు ఆకులన్నీ ఒకేలా మాడాయి. జపనీస్ మేపుల్ పేరు ఆయన వినడం అదే మొదటిసారి. అయినా, "ఇంత పల్చటి ఆకుని తెచ్చి ఈ గోడ పక్కన పెట్టావేంటి? అవిసె నీడ లేకుండా మేం తమలపాకు తోట వేస్తామా?" అని నిలదీశారు. రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ వచ్చి నా చెయ్యి ఆ గోడకి ఆనించారు. అప్పటికీ వేడి దిగలేదు.

ఆ శనివారం ఇద్దరం నాలుగు కర్రలు పాతి, పడమటి వైపూ పైనా షేడ్ నెట్ కట్టాం, ఆకులకి తగలకుండా. చెట్టు మొదలు దగ్గర మూడంగుళాల మందాన పైన్ బెరడు ముక్కలు పరిచాం, కాండం చుట్టూ మాత్రం బెత్తెడు ఖాళీ. పచ్చికకి పెట్టిన స్ప్రింక్లర్ అటు తిరగకుండా చేసి, వేలు లోతున తడి ఆరాకే తెల్లవారుజామున పైపు సన్నగా వదిలేవాణ్ణి. ఎరువు మానిపించారు, లేత చిగుళ్ళొస్తే అవీ మాడతాయని. మాడిన ఆకులు కత్తిరించబోతే కత్తెర లాక్కున్నారు. "సగం పచ్చగా ఉంది కదా, ఆ సగమే చెట్టుకి వండి పెడుతోంది." మాడిన చోటు మళ్ళీ పచ్చబడలేదు కానీ, కొత్తగా మాడటం ఆగింది.

నవంబర్లో ఆయన ఊరెళ్ళిపోయారు. జనవరిలో, ఆకులన్నీ రాలి చెట్టు నిద్రలో ఉండగా, దాన్ని తవ్వి తూర్పు వైపు లైవ్ ఓక్ చెట్టు నీడకి మార్చాం. మాకు పొద్దున్న ఎనిమిది, ఆయనకి రాత్రి ఏడున్నర. భోజనం పక్కన పెట్టి, వీడియో కాల్‌లో "లోతు వద్దు, లోతు వద్దు" అంటూ గుంట కొలిపించారు.

బాబాయి గారూ, మీకు ఎంత చెప్పినా తక్కువే. మా మాటల సందడి భరించిన మీ అమ్మాయికీ థాంక్స్.

నిన్న చిగుళ్ళ ఫొటో పంపితే ఒక్క ముక్క జవాబిచ్చారు: "ఆ గోడ పక్కన ఖాళీగా ఉంచకు, బెండ వెయ్యి." విత్తనాలు తెచ్చాను.