ఫోన్ మనది, తాళంచెవి కంపెనీది

సంపాదకుడి గారికి,

ఫోన్ వ్యసనం మీద మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. రాసేవాళ్లంతా చివర్లో స్క్రీన్ టైమ్ తగ్గించుకోమనే చెబుతారు. అందుకోసమే తయారైన ఫోన్లు కొన్ని ఉన్నాయి. వాటిని కొనుక్కున్నవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటున్నారో మాత్రం ఎవరూ రాయడం లేదు.

అలాంటిదే ఈ-ఇంక్ ఫోన్. అంటే పుస్తకాలు చదువుకునే కిండిల్ పరికరానికి ఉండేలాంటి తెర ఉన్నది. నలుపు, తెలుపు రేణువులు పైకీ కిందికీ జరిగి అక్షరాలవుతాయి. ఒకసారి ఏర్పడ్డాక అవి నిలవడానికి కరెంటు అక్కర్లేదు. ఎండలోనూ కాగితం మీద చదివినట్టే ఉంటుంది. రీల్స్ పెడితే తెర తడబడుతుంది, పాత బొమ్మ నీడలా మిగిలిపోతుంది. ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకునే నాలాంటిదానికి ఆ లోపమే వరం. ఈ తెర మనకు మరీ కొత్తదేం కాదు. 2006లోనే మోటరోలా ఇలాంటి తెరతో మోటోఫోన్ ఎఫ్3 అనే చవక ఫోన్‌ని మన దేశంలో అమ్మింది. అప్పట్లో ఫోన్ ఉన్నది మాట్లాడుకోవడానికే కాబట్టి దానితో సరిపోయింది. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా యూపీఐ కావాలి.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఇప్పటి ఈ-ఇంక్ ఫోన్లలో చాలావరకు బయటి దేశాల నుంచి తెప్పించుకోవాల్సినవే. చైనా మార్కెట్ కోసం చేసినవాటిలో గూగుల్ సేవలు ఉండవు, మనకు అక్కర్లేని యాప్‌లు మాత్రం నిండా ఉంటాయి. చిన్న కంపెనీలవైతే అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయో తెలియదు. అందుకే కొందరు ఫోన్‌తో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌ని తీసేసి ఔత్సాహికులు ఆండ్రాయిడ్‌ని మార్చి తయారు చేసే లీనేజ్ ఓఎస్ లాంటిదో, ఆండ్రాయిడ్ సాదా రూపమో వేసుకుంటారు. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఫోన్ కంపెనీ రాసే భాగాన్నీ అసలు సిస్టమ్‌నీ విడదీశారు కాబట్టి, ఒకే సిస్టమ్‌ని రకరకాల ఫోన్లలో వేసే వీలు వచ్చింది. తెలుగు అక్షరాలు, తెలుగు కీబోర్డు దానితోపాటే వస్తాయి.

అయితే ముందు బూట్‌లోడర్ తెరుచుకోవాలి. ఫోన్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ నడవాలో చూసే ప్రోగ్రామ్ అది, కంపెనీ దానికి తాళం వేసి అమ్ముతుంది. కొన్ని కంపెనీలు అసలు తెరవనివ్వవు. ఫ్లాట్ రిజిస్ట్రేషన్ అయిపోయాక కూడా తాళంచెవి బిల్డర్ జేబులోనే ఉన్నట్టు! జగదీశ్ మార్కెట్‌లో నేను అడిగిన దుకాణాల వాళ్లు తెర మారుస్తామన్నారు, బ్యాటరీ మారుస్తామన్నారు, బూట్‌లోడర్ మాటెత్తితే చేతులెత్తేశారు. తెరిచినా ఇంకో గొడవ ఉంది. ఈ-ఇంక్ తెరని ఎంత వేగంతో, ఎలా మార్చాలో చెప్పే ప్రోగ్రామ్ తయారీదారు దగ్గరే ఉంటుంది. అది లేకపోతే కొత్త సిస్టమ్‌లో పేజీ తిప్పిన ప్రతిసారీ మరకలే. ఆండ్రాయిడ్‌కి పునాది అయిన లైనక్స్ కెర్నల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద ఉంది. ఫోన్ అమ్మినవాళ్లు తాము మార్చిన కెర్నల్ కోడ్‌ని అడిగినవాళ్లకు ఇచ్చి తీరాలి. ఇవ్వనివాళ్లని మన దగ్గర అడిగే నాథుడు లేడు. వీటికి తోడు వోల్ట్ (VoLTE), అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతితో సమస్య. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి, కొత్త సిస్టమ్‌లో వోల్ట్ పని చేయకపోతే ఆ సిమ్‌తో మామూలు కాల్ కూడా వెళ్లదు.

ఇవన్నీ దాటి సిస్టమ్ వేసుకున్నాక నా బ్యాంకు యాప్ తెరిస్తే ‘మీ పరికరం సురక్షితం కాదు’ అని మూసుకుపోయింది. బూట్‌లోడర్ తెరిచి ఉందా, కంపెనీ ఇచ్చిన సిస్టమే ఉందా అని యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ అనే గూగుల్ తనిఖీ సేవ ద్వారా కనుక్కుంటాయి. ఏళ్ల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్ అందని పాత ఫోన్‌ని మాత్రం, కంపెనీ తాళం చెక్కుచెదరలేదు కదా అని, చాలా యాప్‌లు రానిస్తాయి. పోయిన నెల సెక్యూరిటీ అప్‌డేట్ ఉన్న నా ఫోన్ ప్రమాదకరం, దిక్కులేని పాత ఫోన్ సురక్షితం! బ్యాంకుల భయం ఉత్తది అనను. కానీ వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (యాప్‌ని ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) నొక్కి డబ్బు పోగొట్టుకోవడానికి బూట్‌లోడర్ తెరిచి ఉండనక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. పైగా గూగుల్ పిక్సెల్ ఫోన్లలో వేరే సిస్టమ్ వేసుకుని సొంత తాళంతో మళ్లీ బిగించుకోవచ్చు. భద్రతకే పెద్దపీట వేసే గ్రాఫీన్ ఓఎస్ అనే సిస్టమ్ నడిచేది అలాగే. భద్రత కావాలంటే యజమాని హక్కు వదులుకోవాలనే వాదన నిలవదు.

ఫీచర్ ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే వచ్చింది, సంతోషం. కానీ స్మార్ట్‌ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరుచుకోని ఈ సమస్యకు అది జవాబు కాదు.

2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆండ్రాయిడ్‌ని మార్చి వేరే రూపాలు తయారు చేయకుండా ఫోన్ కంపెనీలను అడ్డుకోవద్దని కూడా చెప్పింది. ఆ స్వేచ్ఛ కంపెనీలకు మంచిదైనప్పుడు కొనుక్కున్న మనిషికి ఎందుకు కాదు? యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి, ఒక మోడల్ అమ్మకం ఆగాక కూడా 5 ఏళ్లపాటు సిస్టమ్ అప్‌డేట్లు అందేలా నిబంధన ఉంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఆ తర్వాత వేసిన కమిటీ ఫోన్లకు మరమ్మతు సూచిక (ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చో చెప్పే గుర్తు) ఉండాలని 2025 మేలో నివేదిక ఇచ్చింది. బూట్‌లోడర్ తెరవొచ్చా లేదా అన్నది ఆ సూచికలో చేర్చి పెట్టె మీదే అచ్చు వేయించాలి. అప్‌డేట్లు ఆపేసిన రోజు నుంచి తాళంచెవి కొనుగోలుదారుడికి ఇవ్వాలి. బ్యాంకులు ఇలాంటి ఫోన్లను పూర్తిగా వెలివేసే బదులు కనీసం బ్యాలెన్స్ చూసుకోనివ్వాలి, రోజుకు రెండు వేలు దాటకుండా చెల్లింపులకు అనుమతించాలి. పాలకీ కూరగాయలకీ ఆ మాత్రం చాలు.

– ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్